పావు డాలరు మీది తార

ప్రశ్న: అమెరికా పావు డాలరు నాణెం మీద ఒక సినీ నటి బొమ్మ ముద్రించారని చదివాను. ఆమె ఎవరు? నాణెం మీదికి ఎక్కించేంత పెద్ద తారేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆమె పేరు అన్నా మే వాంగ్. మీ రెండో ప్రశ్నకు జవాబు ఆమె వేసిన వేషాల కన్నా ఆమెకు దక్కకుండా పోయిన ఒక వేషంలోనే ఎక్కువగా దొరుకుతుంది.

1905లో లాస్ ఏంజెలెస్‌లో, లాండ్రీ నడుపుకొనే చైనీయ కుటుంబంలో పుట్టిన వాంగ్, పదిహేడేళ్లకే ‘ద టోల్ ఆఫ్ ద సీ’ అనే తొలినాటి రంగుల మూకీ చిత్రంలో కథానాయిక అయ్యారు. 1924లో ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో వేసిన మంగోలు దాసి వేషం ఆమెకు పేరు తెచ్చింది. ఆ తరువాత కుట్రలు పన్నే మాయలాడిగానో, ప్రేమించి మోసపోయే అమాయకురాలిగానో తప్ప హాలీవుడ్ ఆమెను చూడలేకపోయింది. విసిగి 1928లో యూరప్ వెళ్లి, జర్మనీ, బ్రిటన్ చిత్రాలలో మెప్పు పొందాక గానీ స్వదేశంలో విలువ పెరగలేదు. జర్మన్ తార మార్లీన్ డీట్రిచ్‌తో కలిసి నటించిన ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’ (1932) ఆ మలి దశలోనిదే.

ఇక దక్కని వేషం సంగతి. చైనా రైతు కుటుంబం కథతో ఎం.జి.ఎం. సినీ నిర్మాణ సంస్థ ‘ద గుడ్ ఎర్త్’ (1937) తలపెట్టినప్పుడు, రైతు భార్య ఓలాన్ పాత్ర మీద వాంగ్ ఎంతో ఆశ పెట్టుకున్నారు. రైతు పాత్ర మాత్రం పాల్ మ్యూనీ అనే తెల్లజాతి నటుడికి వెళ్లింది. భిన్న జాతులవారిని దంపతులుగా చూపడానికి నాటి హాలీవుడ్ నియమావళి అడ్డు కాబట్టి, భార్య వేషమూ తెల్లజాతి నటికే పోయింది. చైనా స్త్రీ పాత్రకు చైనీయురాలు కావడమే అనర్హత అయిందన్నమాట! జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్ ఆ పాత్రకు ఆస్కార్ అందుకున్నారు. కాపురంలో చిచ్చుపెట్టే లోటస్ వేషం మాత్రం తనకు వద్దని వాంగ్ చెప్పేశారు.

1936లో పూర్వికుల దేశమైన చైనాకు వెళితే, చైనీయులను కించపరిచే పాత్రలు వేశారన్న విమర్శలు అక్కడా తప్పలేదు. పాత్రలు ఎంచుకొనే వీలే తనకు లేదని వారికి ఎలా వివరించడం!

1951లో నేర పరిశోధన చేసే కళాఖండాల వ్యాపారిగా టెలివిజన్ ధారావాహికలో ప్రధాన పాత్ర ధరించారు. 1961లో, 56 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2022లో వెలువడిన ఆ నాణెం మీద, సినిమా హాలు ముందరి దీపాల వరుసల నడుమ, గడ్డం కింద చెయ్యి ఆనించుకొని ఆమె మనవైపే చూస్తుంటారు.