అరటిపండులో టీకా చదువుతానంటోంది మా పాప, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. జన్యుమార్పిడి చేసిన అరటిపండు తింటే టీకా వేసుకున్నట్టేనని ఎక్కడో చదివి, నీట్ వద్దు, ఆ పరిశోధనే చేస్తానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, పాప మనసుపడ్డ విషయం నిజంగా గొప్పది. కాకపోతే తను చదివింది సగం కథే.

రోగక్రిమి జన్యువు ఒకటి మొక్కలోకి ఎక్కిస్తే ఆ మొక్కే టీకా ప్రొటీన్ తయారుచేస్తుందని 1990ల మొదట్లో అమెరికాలో చార్లెస్ ఆర్న్‌ట్జెన్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. 1998లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగంలో 11 మందికి అలాంటి బంగాళాదుంపలు పచ్చివే తినిపించారు. ఉడికిస్తే ప్రొటీన్ పాడైపోతుంది మరి. పది మందిలో యాంటీబాడీలు పెరిగాయి. మన పక్కన బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్లు మీ జిల్లా పంటైన వేరుశనగ మీదే పనిచేశారు. పశువులకు వచ్చే రిండర్‌పెస్ట్ అనే రోగపు వైరస్ ప్రొటీన్ ఉన్న ఆ మొక్కల ఆకులు మేసిన పశువుల్లోనూ యాంటీబాడీలు కనిపించాయి.

అయినా ఇన్నేళ్లలో మనుషులు తినే టీకా ఒక్కటీ మార్కెట్లోకి రాలేదు. ఒక కాయలో ఉన్నంత ప్రొటీన్ ఇంకో కాయలో ఉండదు, డోసు కుదరదు. ఆ మొక్క మామూలు పంటలో కలిసిపోతుందన్న భయం ఒకటి. క్యారెట్ కణాల్లో తయారయ్యే గౌషర్ అనే వంశపారంపర్య జబ్బు మందుకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది కానీ అది తినేది కాదు, నరానికి ఎక్కించేది. పొగాకు జాతి మొక్కలో చేసిన కోవిడ్ టీకాకు 2022లో కెనడా అనుమతిచ్చింది. అదీ ఇంజెక్షనే. ఏడాది తిరక్కుండానే దాన్ని తయారుచేసిన కంపెనీని మూసేస్తున్నామని ప్రకటించారు.

కాబట్టి ‘తినే టీకా’ ఉద్యోగం కోసం చదవొద్దు. మొక్కల జన్యువులతో పనిచేయడం, ప్రొటీన్‌ను శుద్ధి చేయడం నేర్చుకోమనండి. ఆ పని వచ్చినవాళ్లు విత్తన కంపెనీలకూ, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా కంపెనీలకూ కావాలి. సైన్స్ డిగ్రీలు చెప్పే కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్‌లో చేరడానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, కానీ అందులో లెక్కలూ ఉంటాయి. నన్నడిగితే ఈఏపీసెట్ ద్వారా ఏజీ బీఎస్సీ మేలు. మధ్యలో మనసు మారినా వ్యవసాయ శాఖ, బ్యాంకు ఉద్యోగాల దారి ఉంటుంది. పరిశోధనే అనుకుంటే పీహెచ్‌డీ దాకా పదేళ్లు పడుతుంది, డిగ్రీతో ఆగితే జీతాలు తక్కువ. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మాత్రం నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో తన ఖర్చులు తనే చూసుకోగలదు.

ముందు ఒక పని చేయండి. మీ వైపు రైతులు నాటే టిష్యూ కల్చర్ అరటి మొక్కలు తయారయ్యే ల్యాబ్‌ ఒకటి చూసి, అడిగి, పాపను ఒకరోజు తీసుకెళ్లండి. ముక్కుకు మాస్కు కట్టుకుని, చిన్న పట్టకారుతో వేలెడంత మొక్కను పట్టుకుని, బ్లేడుతో కోసి సీసాలోని జెల్‌లో గుచ్చడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. కాస్త బూజు తగిలితే వారాల కష్టం పారబోయాల్సిందే. అంతా చూశాక కూడా మళ్లీ వెళ్దామంటే, ఇక అడ్డుచెప్పకండి. నీట్‌కు ఇప్పటికే అప్లై చేసి ఉంటే రాయనివ్వండి. ఆ బయాలజీ ఈఏపీసెట్‌కూ పనికొస్తుంది.