మూడు వైపులా ప్లైవుడ్డు, ముందర అద్దం: అక్వేరియం నిలుస్తుందా?

చేతిపని శీర్షిక. పాఠకుల ప్రశ్నలకు జవాబులు: వడ్రంగం ఇన్‌స్ట్రక్టరు (రిటైర్డ్), తిరుపతి

ప్రశ్న: అయ్యవారికి నమస్కారం. మా పెద్దోడు ఇంటర్ చదువుతున్నాడు. నాలుగడుగుల అక్వేరియం కావాలని ఏడాదిగా ఒకటే పోరు. అంతా అద్దంతో చేయిస్తే పాతిక వేలు అవుతుందన్నారు. బీరువాలు చేయించినప్పుడు మిగిలిన 18 ఎం.ఎం. ప్లైవుడ్ షీటు ఒకటి ఇంట్లో ఉంది. దాంతో పెట్టె కొట్టి, ముందర మాత్రం అద్దం పెడితే చాలంటాడు. చెక్క నానిపోదా? రాత్రిపూట పగిలితే మా గతేంటి?
ఒక గృహిణి, పుత్తూరు

జవాబు: మీవాడు చెప్పింది జరిగే పనేనమ్మా. రెండడుగుల చిన్న తొట్టి అయితే అద్దందే కొనుక్కోమనేవాణ్ణి, అందులో మిగిలేదేమీ ఉండదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే మాత్రం లెక్క మారుతుంది. అడుగుతో సహా అంతా అద్దమైతే 32 చదరపు అడుగుల మందపాటి అద్దం కావాలి. ప్లైవుడ్ పెట్టెకు 7 చదరపు అడుగులు చాలు. ఆ మిగిలిన డబ్బులో సగమైనా ఎపాక్సీకి, అంటే రెండు భాగాలు కలిపి పూస్తే గట్టిపడే పూతకు, పెట్టాలి. ఎందుకంటే చెక్క బరువును మోస్తుంది గానీ నీళ్లను ఆపదు. నీళ్లను ఆపేది లోపలి పూతే. చెక్కకు తడి తగలనంత కాలం నానడమన్న మాటే లేదు.

ముందు షీటు మీద ముద్ర చూడండి. ఐ.ఎస్. 710 అని ఉంటే మెరైన్ ప్లై, నిశ్చింత. ఐ.ఎస్. 303 పక్కన బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీళ్లను తట్టుకునేది) అని ఉన్నా పనికొస్తుంది. ఎం.ఆర్. (కాస్త చెమ్మను మాత్రమే తట్టుకునేది) అని ఉంటే వద్దు, అల్మారా అరలకు వాడుకోండి. షీటంతా వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల మోత వచ్చిందంటే లోపలి పొరల్లో సందులున్నట్టే.

ఎనిమిది బై నాలుగు షీటు ఈ పెట్టెకు సరిగ్గా సరిపోతుంది. నాలుగు బై రెండు ముక్కలు నాలుగు కోయించండి. ఒకటి అడుగుకు, ఒకటి వెనక్కి, ఒకటి మధ్యకు కోసి రెండు పక్కలకు, ఒకటి ముందుకు. ముందు ముక్కకు చుట్టూ మూడంగుళాల పట్టీ వదిలి నడుమ భాగం తీసేయాలి. ఆ తీసిన చెక్కను పారేయకండి, పెట్టె పైన అంచు వెంబడి, నడుమ అడ్డంగా వేసే పట్టీలు దాంట్లోంచే వస్తాయి. ఆ పట్టీలు లేకపోతే ముందు వెనకలు పొట్ట ఉబ్బినట్టు బయటికి వంగుతాయి. అతుకులకు ఎపాక్సీ జిగురు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. మామూలు తెల్ల జిగురు వద్దు, తడికి మెత్తబడుతుంది.

మీ భయం సంగతి. ఈ తొట్టిలో 380 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. వాటి బరువే 380 కిలోలు, ఇసుకా రాళ్లూ పెట్టే కలిస్తే నాలుగున్నర క్వింటాళ్లు దాటుతుంది. ముందు వైపు మీద నీళ్ల తోపుడు 180 కిలోల పైచిలుకు. ఈ తోపుడు ఎత్తును బట్టి పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. కాబట్టి మీవాడు ఇంకో అర అడుగు ఎత్తు పెంచుదామంటే ఒప్పుకోవద్దు. పొడవు పెంచుకోమనండి.

ఇక పూత. అసలు పని ఇదే, ఓపికంతా ఇక్కడే పెట్టాలి. సాల్వెంటు (పలచన చేసే ద్రవం) కలవని, తాగునీటి ట్యాంకులకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీ అడగండి. రెండు భాగాలను డబ్బా మీద చెప్పిన పాళ్లలో తూకం వేసి కలపాలి. గట్టిపడే మందు కాస్త ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందనుకుంటారు. అది ఆరదు, జిగటగానే ఉండిపోతుంది. మన ఎండల్లో కప్పు నిండా కలిపి పెట్టుకుంటే, చూస్తుండగానే కప్పు చేతిలో వేడెక్కి గట్టిపడిపోతుంది. కొద్దికొద్దిగా కలిపి, వెంటనే వెడల్పాటి ప్లేటులో పోసుకుంటే ఎక్కువసేపు పనికొస్తుంది. లోపలి మూలలకు ఎపాక్సీలో సన్నటి రంపపు పొట్టు కలిపి, బొటనవేలితో గుండ్రంగా దిద్దండి. దాని మీద నాలుగంగుళాల ఫైబర్ గ్లాసు గుడ్డ పరిచి, తెల్లదనం పోయి అద్దంలా కనబడేదాకా ఎపాక్సీ తాగించండి. నేసిన గుడ్డ తీసుకోండి, పోగులు అతికించిన మ్యాట్ వద్దు. తర్వాత మొత్తం మీద మూడు పూతలు. ఆరిన పూత మీద జిడ్డుగా పొర కడితే నీళ్లతో రుద్ది కడిగి, సాండ్ పేపరు పట్టి, అప్పుడే తర్వాతిది వేయాలి. నవంబరు వానల్లో ఆ జిడ్డు మరీ ఎక్కువ. చివరి పూత ఆరాక చీకట్లో టార్చి లైటును పక్కవాటుగా పట్టి అంగుళం అంగుళం చూడండి. సూదిమొన అంత చుక్క నల్లగా కనబడితే అది చిల్లే. మెరైన్ ప్లైలో పురుగు పట్టకుండా మందు ఎక్కించి ఉంటారు, అది చేపలకు తగలకూడదన్నా ఈ పూత నిండుగా ఉండాలి.

అద్దం 12 ఎం.ఎం., 46 బై 22 అంగుళాలు, అంచులు అరగదీయించి తెచ్చుకోండి. దాన్ని బయటి నుంచి కాదు, లోపలి నుంచి అతికించాలి. అప్పుడు నీళ్లే దాన్ని పట్టీకి అదిమి పెడతాయి. పెట్టెను ముందు వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, అద్దం ఆనే చోట సాండ్ పేపరు పట్టి, తుడిచి, సిలికాన్ మందంగా వేసి, ఇద్దరు పట్టుకుని అద్దాన్ని నెమ్మదిగా దించండి. నొక్కి నొక్కి సిలికాన్ అంతా బయటికి రానివ్వకండి, మూడు ఎం.ఎం. పొర మిగలాలి. బాత్‌రూం సిలికాన్‌లో బూజు మందు ఉంటుంది, అది చేపల్ని చంపుతుంది. అక్వేరియం సిలికాన్ అనే అడగండి. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, నీళ్లు పోయొద్దు.

మొదటిసారి ఇంట్లో కాదు, వాకిట్లో నింపండి. కింద పాత పేపర్లు పరిచి, ఒక రోజు పావు, మర్నాడు సగం, అలా. నిండాక వారం వదిలేస్తే ఎక్కడ చెమ్మ వచ్చినా పేపరు చెబుతుంది. రాత్రిపూట పగులుతుందేమోనన్న మీ దిగులు ఆ వారంతో తీరిపోతుంది. తర్వాత కింది అంతస్తులోనే, గోడవారగా, మట్టం చూసిన స్టాండు మీద పెట్టుకోండి.

ప్రశ్న: మా తోటలో పాత మామిడి చెట్లు కొట్టించి పలకలు కోయించాం. ప్లైవుడ్ కొనకుండా వాటితోనే తొట్టి చేసి, మిద్దె మీద వేసే వాటర్‌ప్రూఫ్ పెయింటు కొడితే సరిపోదా?
ఒక రైతు, చిత్తూరు

జవాబు: సరిపోదన్నా. పలక చెమ్మకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఆ కదలికకు అతుకు విచ్చి పూత చీలుతుంది. ప్లైవుడ్డులో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టే కదలదు. మిద్దె పెయింటు వానకు చేసింది, రాత్రింబవళ్లు నిలిచే నీటికి కాదు. పలకలు బాగా ఆరి, వంకర లేకుండా ఉంటే పురుగు మందు పూసి స్టాండుకు వాడండి. మామిడికి పురుగు తొందరగా పడుతుంది.

ప్రశ్న: కొత్త తొట్టిలో బోరు నీళ్లు పోసి అదేరోజు పది చేపలు వదిలాను. వారంలో సగం పోయాయి. బోరు నీళ్ల ఉప్పేనా కారణం?
ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఉప్పు నీళ్లను నిందించకు నాయనా. గప్పీలు, మాలీలు లాంటి చిన్న చేపలు లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లలో హాయిగా బతుకుతాయి. చేపలు విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చే బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండదు, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇప్పుడు మిగిలిన వాటికి మేత తగ్గించి, రెండు రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చు. కార్పొరేషన్ కుళాయి నీళ్లు పోసేటట్టయితే బకెట్లో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచు, క్లోరిన్ పోతుంది. పాత అక్వేరియం ఉన్న స్నేహితుణ్ణి అడిగి వాడిన ఫిల్టరు స్పాంజి ముక్క తెచ్చి నీ ఫిల్టర్లో పెట్టు. దాన్ని కుళాయి కింద మాత్రం కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండు.