డాక్టర్ సలహా: తాగి కొట్టే ఇంట్లో పెరిగిన పిల్లాడు తండ్రిలాగే అవుతాడా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అక్క కొడుక్కి 9 ఏళ్లు. మా బావ రోజూ తాగొచ్చి వాడి కళ్లముందే అక్కను కొట్టేవాడు. ఆరు నెలల కిందట అక్క వాణ్ని తీసుకుని మా ఇంటికొచ్చేసింది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. తలుపు ధబాల్న పడితే మంచం కిందకు దూరతాడు. మా పిల్లకాయల్ని కొడతాడు. బడికి టైమయ్యేసరికి కడుపునొప్పి అంటాడు. తాయెత్తు కట్టించాం, తగ్గలేదు. మా అత్తేమో ‘ఆ ఇంటి బిడ్డ, తండ్రి బుద్ధులెక్కడికి పోతాయి’ అంటోంది. ఇలాంటివి మా ఇంట్లోనేనా? వాడు బాగుపడతాడా?
- ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారి మాట గురించి చెబుతాను. ఆ మాట పిల్లాడి చెవిన పడకుండా చూడండి. అది నిజం కాదు, పైగా వాడికి హాని చేస్తుంది. మద్యానికి బానిసయ్యే గుణంలో దాదాపు సగం వంశపారంపర్యంగా వస్తుందని కవలలపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అంటే వాడికి ముప్పు కొంత ఎక్కువ, అంతే. దెబ్బల మధ్య పెరిగిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక తమ ఇంట్లో చెయ్యెత్తరు. వాడికి 13, 14 ఏళ్లు వచ్చాక ‘మన ఇంట్లో ఈ జబ్బు ఉంది, నువ్వు మందు జోలికి పోకపోవడమే మంచిది’ అని నిందలేమీ లేకుండా చెప్పండి.

మీ ఇంట్లోనేనా అంటే, కాదు. అమెరికాలోని శాన్ డియాగోలో 1995-97 మధ్య 17,000 మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి కష్టాల గురించి అడిగారు. వాళ్లలో చాలామంది చదువు, ఉద్యోగం, ఆరోగ్య బీమా ఉన్నవాళ్లే. అయినా మూడింట రెండొంతుల మంది కనీసం ఒక తీవ్రమైన కష్టం చూశారు. తాగుడో, మత్తుమందో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు నలుగురిలో ఒకరికి పైనే. తల్లి దెబ్బలు తినడం చూసినవాళ్లు ఎనిమిది మందిలో ఒకరు. మన దేశంలో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలపై జరిగింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. మూడింట రెండొంతుల మంది పిల్లలు దెబ్బలు తిన్నారని తేలింది. ఇళ్లలో కొట్టినవాళ్లలో అత్యధికులు తల్లిదండ్రులే. వీధుల్లో, పనుల్లో, హాస్టళ్లలో ఉన్న పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి ఆ సంఖ్యను ప్రతి ఇంటికీ అంటగట్టకూడదు. కానీ ఇది అరుదైన విషయం కాదని చెప్పడానికి అది చాలు.

ఇంటి పరిస్థితికీ పిల్లలు పడే ఇలాంటి ఇబ్బందులకూ సంబంధం గట్టిదే. తాగుడు, తల్లిదండ్రుల్లో ఒకరికి మానసిక జబ్బు, విడిపోవడం, జైలు, అప్పుల ఒత్తిడి... ఇవి ఒక్కొక్కటిగా రావు. తాగుడున్న చోట దెబ్బలుంటాయి, దెబ్బలున్న చోట తల్లి కుంగిపోయి ఉంటుంది. ఎన్ని పోగైతే పిల్లాడికి అంత ముప్పు. పేదరికం ఒత్తిడిని పెంచుతుంది గానీ, అదే కారణమనుకోవడం తప్పు. మేడల్లోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే బయటికి పొక్కదు. అమ్మానాన్నలు చీమకుర్తి క్వారీల పనికో, రొయ్యల చెరువుల కాపలాకో పోతే అవ్వ దగ్గర పెరిగే పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ అవ్వ స్థిరంగా, ప్రేమగా ఉంటే వాళ్లు చక్కగా ఎదుగుతారు. పిల్లాణ్ని కాపాడేది అదే, నమ్మదగిన పెద్ద మనిషి ఒక్కరు. ఇప్పుడు వాడికి మీరూ, మీ అక్కా ఉన్నారు.

వాడు చేస్తున్నవి మొండితనం కాదు. ఏళ్లతరబడి ఎప్పుడు గొడవ మొదలవుతుందోనని కాచుకున్న మెదడు, ప్రమాదం తప్పాక కూడా ఆ కాపలా మానదు. అందుకే చప్పుడుకు ఉలికిపాటు, ముందే చెయ్యెత్తడం.

పక్క తడపడం గురించి మొదట పిల్లల డాక్టర్ దగ్గర మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. మలబద్ధకం ఉందేమో అడగండి. దాహం విపరీతంగా ఉండి, బరువు తగ్గుతుంటే ఆ రోజే వెళ్లాలి. పగలు నీళ్లు బాగా తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. సాయంత్రం టీ, కూల్‌డ్రింకులు వద్దు. పడుకోబోయే ముందు మూత్రానికి పంపి, పరుపు మీద రబ్బరు షీటు వేయండి. తెల్లారి దుప్పటి తీయడంలో సాయం అడగవచ్చు, కానీ అది శిక్షలా ఉండకూడదు. నలుగురి ముందు ఆ ఊసే ఎత్తొద్దు.

మీ పిల్లల్ని కొట్టినప్పుడు విడదీసి, పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే మాట చెప్పండి: ‘ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టరు, నిన్ను కూడా.’ మీరు వాడి మీద చెయ్యి చేసుకుంటే ఆ మాట అబద్ధమైపోతుంది. తిండి, నిద్ర, బడి రోజూ ఒకే వేళకు జరగాలి. కడుపునొప్పి నాటకం కాదు, నిజంగానే నొప్పి ఉంటుంది. కాసేపు పడుకోనిచ్చి బడికి మాత్రం పంపండి. క్లాస్ టీచర్‌కు క్లుప్తంగా చెప్పి ఉంచండి. నిద్రలోంచి లేపే నొప్పి, వాంతులు, మలంలో రక్తం ఉంటే అది వేరే జబ్బు, వెంటనే చూపించాలి.

జరిగిందంతా చెప్పమని వాణ్ని పదేపదే గుచ్చి అడగొద్దు. వాడే మొదలుపెడితే పని ఆపి వినండి. తండ్రిని వాడి ముందు తిట్టకండి, వాడు ఆయన్ని ప్రేమిస్తూ ఉండవచ్చు. ఎవరైనా చెడుగా తాకారని చెబితే ‘చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు’ అనండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపుతారు.

ఇలాంటి లక్షణాలు నెల దాటితే చాలు, డాక్టరుకు చూపించాలి; మీకు అప్పుడే ఆరు నెలలైంది. ‘పెద్దయితే మరచిపోతాడులే’ అని ఇంకా ఆగొద్దు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈ సమస్యకు మొదటి చికిత్స మందులు కాదు, పిల్లాడితోనూ తల్లితోనూ చేసే కౌన్సెలింగ్. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సార్లు ఉంటుంది. భయం తగ్గించుకునే పద్ధతులు నేర్పాకే నెమ్మదిగా ఆ జ్ఞాపకాల దగ్గరకు తీసుకెళ్తారు. మూడు నాలుగు సార్లకే మానేస్తే ఫలితం నిలవదు. మందుల షాపులో అడిగి నిద్ర మాత్రలో, సిరప్పో ఇవ్వొద్దు.

మీ అక్కనూ అదే రోజు చూపించండి. ఆమెకు నిద్ర పట్టడం లేదా, బతుకు మీద విరక్తిగా ఉందా అని అడగండి. ఆమె కోలుకోకుండా పిల్లాడు పూర్తిగా కోలుకోవడం కష్టం. బావ వచ్చి గొడవ చేస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం కింద ఆమె కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు కోరవచ్చు.

వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి: ఏ రాత్రి పక్క తడిపాడు, ఎన్నింటికి నిద్రపోయాడు, ఏ చప్పుడుకు భయపడ్డాడు, బడి ఎన్నిరోజులు మానాడు. డాక్టర్ వాడితో కాసేపు ఒంటరిగా మాట్లాడతానంటే అభ్యంతరం పెట్టకండి.