విశాఖ నుంచి భీమిలికి మోటారు బోటులో వెళ్తున్నారా? ముందు తిరుగు ప్రయాణం సంగతి చూడండి

మీ ప్రశ్న ఇది: నలుగురు స్నేహితులు, ఒక స్పీడ్‌బోటు, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి దాకా తీరం వెంబడే వెళ్లి రావాలి, ఒడ్డు కనపడుతూనే ఉంటుంది కాబట్టి ఏమేం జాగ్రత్తలు సరిపోతాయి అని.

ఆ "ఒడ్డు కనపడుతూనే ఉంటుంది" అన్నచోటే నాకు టెన్షన్ మొదలైంది. హార్బర్ దగ్గర అవుట్‌బోర్డ్ ఇంజన్లు, అంటే బోటు వెనక తగిలించేవి, బాగుచేయడం నా పని. ఈ మాట అనని ఓనరు నాకింకా తగల్లేదు. ఒడ్డు కనపడుతుంది, నిజమే. అక్కడికి చేరగలరా? విశాఖ బ్రేక్‌వాటర్ (హార్బర్‌కి కెరటాలు రాకుండా కట్టిన రాళ్ల గోడ) దాటాక భీమిలి దాకా సుమారు 15 నాటికల్ మైళ్లు, అంటే 28 కిలోమీటర్లు. మధ్యలో దాక్కోవడానికి ఒక్క చోటు లేదు. రుషికొండలో కెరటాలు విరుగుతాయి, మంగమారిపేట దగ్గర రాళ్లు. మత్స్యకారుల ఫైబర్ బోట్లు ఇసుక మీదికి ఎక్కుతున్నాయి కదా అనకండి. వాటిని లాగడానికి ఊరంతా చెయ్యేస్తుంది, పైగా కెరటం చూసి వదిలేవాడు పుట్టినప్పటి నుంచీ అదే పని మీద ఉన్నాడు. మీ బోటు అడుగు కోసుగా ఉంటుంది. ఇసుక తగిలిందంటే పక్కకు ఒరుగుతుంది, వెనక వచ్చే కెరటం లోపలికి దూకుతుంది.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో పొద్దెక్కాక గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి వైపు నుంచే వస్తుంది. భీమిలికి వెళ్లేటప్పుడు అది మిమ్మల్ని వెనకనుంచి తోస్తుంది. బోటు జారిపోతున్నట్టుంటుంది, ఒంటి మీద చుక్క పడదు. "సముద్రం ఎంత బాగుందిరా" అంటారు. అదే సముద్రం మీద వెనక్కి తిరిగితే గాలి ముఖాన కొడుతుంది, ప్రతి కెరటానికీ బోటు ముక్కు లేచి దబ్బున పడుతుంది, స్పీడు సగానికి దిగుతుంది, పెట్రోలు తాగేస్తుంది. అందుకే సముద్రం ఎలా ఉందో తెలియాలంటే వెళ్లే దారిలో ఒకసారి బోటును వెనక్కి తిప్పి ఐదు నిమిషాలు నడిపి చూడండి. నేనెక్కిన ఏ బోటులోనూ నా మాట విని ఇది చేసినవాళ్లు లేరు, అది వేరే సంగతి.

పోయినేడు వేసవి ముందు ఒక కుర్ర ఓనరు నలభై హెచ్‌పీ సింగిల్ ఇంజన్ బోటు కొన్నాడు. నీళ్ల పంపులో ఇంపెల్లర్ (నీళ్లను తోసే చక్రం) నేనే మార్చాను కాబట్టి ట్రయల్‌కి తన స్నేహితులతో పాటు నన్నూ ఎక్కించుకున్నాడు. బోటు నడిపే సరంగుగా ఒక ముసలాయన, అందరం తాత అంటాం. ఆరింటికి బయల్దేరాం. తాత హార్బర్లోనే చెప్పాడు: "ఎనిమిదిన్నరకి ఎక్కడుంటే అక్కణ్ణించే తిరిగిపోవాల బాబూ." ఓనరు సరే అన్నాడు.

భీమిలి దగ్గర గోస్తని కలిసే చోట లోపలికి పోదామని ఓనరు సరదా. తాత ఇంజన్ స్లో చేసి చాలాసేపు నదీముఖం వైపే చూశాడు. ఆటు మొదలైంది, నది నీరు బయటికి పరిగెడుతోంది, బయటి నుంచి వచ్చే కెరటం దానికి ఎదురుతగిలి నిలువుగా లేస్తోంది. మధ్యలో ఇసుక మేట. "ఏటి బాబూ, అందులోకెల్తే బోటు నీది కాదు" అన్నాడు. అది విన్నారు. బయటే లంగరు వేశాం. ఇక మొదలైంది రీల్స్ పురాణం. ఎర్రమట్టి దిబ్బలు వెనకాల పడాలట, ఒకడు ముక్కు మీద నిలబడాలట, ఇంకోడు లైఫ్ జాకెట్ తీసేయాలట, ఫొటోలో లావుగా కనపడుతున్నాడని. ఎనిమిదిన్నరకి తాత చెప్పాడు, తొమ్మిదికి చెప్పాడు, తర్వాత చెప్పడం మానేశాడు. కదిలేసరికి పది.

మంగమారిపేటకు ఎదురుగా వచ్చేసరికి గాలి లేచిపోయింది. నా పని ఎప్పుడూ ఇంజన్ వెనక పడే సన్నటి నీటి ధార మీద ఒక కన్నేసి ఉంచడం. ఆ ధార పడుతోందంటే ఇంజన్‌కి చల్లదనం అందుతున్నట్టు. అది సన్నబడి ఆగిపోయింది, వెంటనే అలారం కూసింది. ఇంజన్ ఆపేశాం. ఆపగానే బోటు అడ్డం తిరిగి ఊగడం, ఫొటోల్లో నిలబడ్డవాడు వాంతులు. రాళ్ల మీద తెల్లటి నురుగు స్పష్టంగా కనపడుతోంది, మెల్లగా అటే పోతున్నాం.

తాత అప్పటికే లంగరు వదిలాడు. కంగారుగా విసరలేదు, తాడును చేతుల మధ్య నుంచి జారనిస్తూ, అది అడుగు తగిలాక కూడా ఇంకా ఇంకా వదులుతూనే ఉన్నాడు. తర్వాత తాడు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. లంగరు ఈడ్చుకొస్తుంటే తాడు వణుకుతుంది, పట్టిందంటే బిగుసుకుని మెల్లగా వదులవుతుంది. బోటు ముక్కు కెరటాలకు ఎదురు తిరిగాక "పట్టింది, నువ్వు సూసుకో" అన్నాడు నాతో. ఇంజన్ పైకి లేపితే నీళ్లు పీల్చే జాలీకి పూజ పూలు కట్టిన ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఉంది. పీకేశాను. చల్లారనిచ్చి స్టార్ట్ చేస్తే ధార మళ్లీ పడింది.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు కాపాడింది ఏమిటి? జీపీఎస్సా, బ్లూటూత్ స్పీకరా? పొడవాటి తాడు. లోతుకి ఐదు నుంచి ఏడు రెట్లు ఉండాలి, చివర రెండు మూడు మీటర్ల గొలుసు ఉండాలి. లక్షలు పోసి బోటు కొన్నవాళ్లు బట్టలారేసే తాడు లాంటిది పదిహేను మీటర్లు కట్టి తెస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పెట్రోలు మూడు వంతులు చేసుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టుకోకుండా ఒకటి. నలభై హెచ్‌పీ గంటకు 15 లీటర్ల దాకా తాగుతుంది, నిదానంగా నడిపినా భీమిలికి గంట. కాబట్టి 45 లీటర్లు ఉండాలి. అది కూడా కొత్త పెట్రోలు. ఇప్పుడొచ్చే దాంట్లో 20 శాతం ఇథనాల్, అది తేమను లాగేసుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. హార్బర్లో బోటు కదలదు కాబట్టి ఇంజన్ బాగానే ఉంటుంది. బయట కెరటాలకు ట్యాంకు కుదిలితే ఆ నీళ్లు పైపులోకొచ్చి ఇంజన్ దగ్గుతుంది. నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం ఇవే, తిట్లు మాత్రం మెకానిక్‌కి.

వాతావరణం కోసం ఫోన్లో ఎండా మబ్బూ బొమ్మలు చూడకండి. ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్ల సముద్ర సూచన చూడండి. సముద్రమే లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో కూర్చుని మన కెరటాల లెక్క చెప్తారు, బాగానే చెప్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి. అందులో ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే అన్నీ అంతే ఎత్తని కాదు, మొత్తం కెరటాల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు అది. మధ్యమధ్య దాదాపు మూడు మీటర్లది ఒకటి రావచ్చు. కెరటానికీ కెరటానికీ మధ్య 12 సెకన్లు దాటితే అది ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టి వచ్చింది. లోపల నున్నగా ఉంటుంది, ఒడ్డున మాత్రం విరగ్గొడుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మీ ఇంజన్ ఆగితే తాడు వేసి లాగేవాడు కూడా ఉండడు. ఆ తర్వాత రుతుపవనాలు, అక్టోబర్ నుంచి వాయుగుండాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

నా అభిప్రాయం ఒకటే, కోపం వచ్చినా సరే: వెనక్కి తిరిగే టైము హార్బర్లోనే పెట్టుకోండి, దాన్ని మార్చే అధికారం బోటు ఓనరుకి ఇవ్వకండి. డబ్బు పెట్టినవాడు "ఇంకో పది నిమిషాలు" అనే అంటాడు. సరంగుకి కూలి ముందే ఇచ్చేయండి. కూలి ఇంకా చేతికి రానివాడు గట్టిగా మాట్లాడలేడు, ఆ రోజు తాత నోరు మూసుకుంది అందుకే.

మెరైన్ పోలీసులకు చెప్పి వెళ్లండి, నేవీ ప్రాంతాలకూ ఓడలు వచ్చే దారికీ దూరంగా ఉండండి. కిల్ స్విచ్ తాడు (నడిపేవాడు పడిపోతే ఊడొచ్చి ఇంజన్ ఆపేసేది) నడిపేవాడి ఒంటికి తగిలించి ఉండాలి. ఒడ్డున ఒక మనిషికి ఎంతమంది వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో రాసిచ్చి, అది దాటి గంటయితే కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేయమనండి. బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే సాయం అడగడానికి 16వ ఛానల్.

మీ ఇంజన్ ఎన్ని హెచ్‌పీయో, ట్యాంకు ఎంతో కామెంట్లో రాయండి, పెట్రోలు లెక్క వేసి చెప్తాను.