బరువు తగ్గే సర్జరీ: రెండో ఏడాదిని చూసి నిర్ణయించుకోండి

మీరు రాసింది క్లుప్తంగా: వయసు 36, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 38, నాలుగేళ్లుగా షుగర్, రాత్రిళ్లు గట్టి గురక, మోకాళ్ల నొప్పులు. డైటింగ్‌తో తగ్గడం, మళ్లీ పెరగడం చాలాసార్లు అయింది. డాక్టరు బేరియాట్రిక్ సర్జరీ గురించి ఆలోచించమన్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటావా" అంటున్నారు. చేయించుకోవాలా, చేయించుకుంటే పొట్టలో చాలాభాగం తీసేసే స్లీవా, పొట్టను చిన్న సంచి చేసి పేగుకు కలిపే బైపాసా, బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక ఇంకా సర్జరీ ఎందుకు అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని కొన్నేళ్లయిన మనిషిని. దాదాపు నా అంత బరువే ఉన్న మా అక్క అన్నీ కనుక్కుని సర్జరీ వద్దనుకుంది. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను, నాదీ తప్పనుకోను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సర్జరీ తర్వాత మొదటి ఏడాదిని చూసి ఈ నిర్ణయం తీసుకోవద్దు. ఆ ఏడాది చాలామందికి బాగానే గడుస్తుంది. ఆకలి పెద్దగా వేయదు, కొంచెం తినేసరికే కడుపు నిండిపోతుంది, బట్టలు వదులవుతుంటాయి, కనిపించినవాళ్లంతా మెచ్చుకుంటారు. జనం పంచుకునే 'ముందు, తర్వాత' ఫోటోలు ఎక్కువగా అప్పటివే. రెండో ఏడాది వచ్చేసరికి ఆకలి కొంత తిరిగొస్తుంది. మెచ్చుకోళ్లు ఆగిపోతాయి. మాత్రలు, రక్తపరీక్షలు మాత్రం జీవితాంతం ఉంటాయి. ఆ రోజుల్ని ఊహించుకుని, ఇప్పుడు పడుతున్న బాధకన్నా అదే నయం అనిపిస్తే ముందుకు వెళ్లండి.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో బైపాస్ చేయించుకున్నవాళ్లు ఒకటి రెండేళ్లకల్లా సగటున ఒంటి బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత బరువు తిరిగొచ్చింది, చాలావరకు రాలేదు. సర్జరీ చేయించుకోని పోలిక బృందం బరువు ఆ పదేళ్లలో పెద్దగా మారనేలేదు. సర్జరీ బృందంలో మరణాలు కూడా తక్కువగా ఉన్నాయి. వంద కిలోల మనిషికి 75 కిలోల దగ్గర నిలబడటం సరిపోతుందా? షుగర్, గురక, మోకాళ్ల కోసం చేయించుకునేవాళ్లకు బాగా సరిపోతుంది. కాలేజీ రోజుల నాటి నడుము కోసం చేయించుకునేవాళ్లు నిరాశపడతారు, పైగా వేలాడే చర్మం చూసి ఇంకా బాధపడతారు.

ఇక నోరు కట్టుకోవడం సంగతి. మా ఇంట్లోనూ ఇదే మాట. నాకు మొదట కోపం వచ్చేది, తర్వాత జవాబు చెప్పడం నేర్చుకున్నాను. డైటింగ్‌తో బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని కరువు కింద లెక్కేసుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, ఖర్చయ్యే క్యాలరీలు తగ్గుతాయి. అందుకే తగ్గిన బరువు నిలవదు. సర్జరీ చేసేది కేవలం కడుపును చిన్నది చేయడమే అయితే ఇంత ఫలితం రాదు. స్లీవ్‌లో పొట్ట సంచిలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు పెరుగుతాయి. షుగర్ చాలామందికి బరువు తగ్గక ముందే, సర్జరీ అయిన కొద్ది రోజుల్లోనే దిగొస్తుంది. ఆ వారాల్లో ఇన్సులిన్, షుగర్ మాత్రల డోసు డాక్టరు మార్చకపోతే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇది మా ఇంట్లోవాళ్లకు డైటీషియన్ ముందు కూర్చోబెట్టి చెప్పించాకే గొడవ తగ్గింది. మీరూ ఒకసారి వాళ్లను కన్సల్టేషన్‌కి తీసుకెళ్లండి. సర్జరీ తర్వాత మీ తిండి తీరుతో సర్దుకోవాల్సింది వాళ్లే కదా.

షుగర్ విషయంలో ఆశ ఎంత పెట్టుకోవాలో చెబుతాను, ఎందుకంటే "షుగర్ పూర్తిగా పోతుంది" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అమెరికాలో 150 మంది మీద చేసిన స్టాంపీడ్ అనే ట్రయల్ ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6 శాతం లేదా అంతకంటే తక్కువకు చేరినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. తేడా పెద్దదే. కానీ సర్జరీ చేయించుకున్నా మూడింట రెండొంతులకు పైగా ఆ అంకెకు చేరలేదు. షుగర్ కొత్తగా వచ్చి, ఇంకా ఇన్సులిన్ దాకా వెళ్లనివాళ్లకు అవకాశం ఎక్కువ. మీకు నాలుగేళ్లే అంటున్నారు కాబట్టి, ఈ కారణం మీద చేయించుకోవాలనుకుంటే మరో పదేళ్లు నానబెట్టడంలో అర్థం లేదు. నాకు మాత్రలు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. గురక కోసం రాత్రి పెట్టుకునే సీప్యాప్ మెషిన్ మాత్రం పక్కన పెట్టగలిగాను, అదీ మళ్లీ స్లీప్ స్టడీ చేసి డాక్టరు సరేనన్నాకే.

బీఎంఐ 38కి సర్జరీ తొందరపాటేమో అన్న సందేహం అక్కర్లేదు. 1991 నాటి మార్గదర్శకాలు 40 దాటితేనో, జబ్బులుంటే 35 దాటితేనో అనేవి. 2022లో అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు కలిసి వాటిని మార్చాయి. 35 దాటితే జబ్బులున్నా లేకున్నా సిఫారసు చేయొచ్చు. టైప్ 2 షుగర్ ఉంటే 30 నుంచే. ఆసియా మూలాలున్నవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తాయి కాబట్టి 27.5 నుంచే సర్జరీ అవకాశం ఇవ్వాలన్నారు. అర్హత ఉందన్నంత మాత్రాన చేయించుకోవాలని కాదనుకోండి.

స్లీవా బైపాసా అన్నదానికి మీరు ముందు జవాబివ్వాల్సిన ప్రశ్న ఒకటుంది: గుండెల్లో మంట ఉందా? నేను స్లీవ్ చేయించుకోవాలనే వెళ్లాను. తెలిసినవాళ్లందరూ అదే చేయించుకున్నారు, పేగుల జోలికి వెళ్లరన్న ధైర్యం. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగంలో పుళ్లు, చిన్న హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం కొంచెం ఛాతీలోకి జారడం) కనిపించాయి. స్లీవ్ చేస్తే పొట్టలో ఒత్తిడి పెరిగి ఎసిడిటీ ఇంకా ముదరొచ్చని, బైపాస్ నయమని సర్జన్ చెప్పారు. ఫిన్లాండ్‌లో ఈ రెంటినీ పోల్చిన ట్రయల్‌లో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేస్తే, స్లీవ్ వాళ్లలో 31 శాతానికి, బైపాస్ వాళ్లలో 7 శాతానికి అన్నవాహికలో వాపు, పుళ్లు కనిపించాయి. బరువు తగ్గుదలలో మాత్రం రెంటికీ అంత దూరం లేదు. బైపాస్ కొంచెం ముందుంది.

అలాగని బైపాస్ అందరికీ కాదు. మీకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి ఇది తప్పకుండా అడగండి: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ తర్వాత వేసుకోకూడదు, కుట్టు దగ్గర అల్సర్లు వస్తాయి. సిగరెట్ కూడా అంతే. ఆ మాత్రలు లేకుండా గడవని కీళ్ల జబ్బు ఉన్నవాళ్లకు సర్జన్లు స్లీవ్ వైపు మొగ్గుతారు. బైపాస్‌లో తీపి కాస్త ఎక్కువైతే డంపింగ్ వస్తుంది: గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం. నాకు ఒకట్రెండు సార్లు అయ్యాక తీపి మీద ధ్యాస దానంతటదే తగ్గింది. అది శిక్షో వరమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఏళ్ల తర్వాత కూడా ఇంటర్నల్ హెర్నియా రావచ్చు, అంటే పేగు కడుపు లోపలి సందులోకి జారి ఇరుక్కోవచ్చు, కాబట్టి అకస్మాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఇక స్లీవ్‌లో తీసేసిన పొట్టను తిరిగి పెట్టడం ఉండదు. అది గుర్తుంచుకోండి.

ప్రాణభయం గురించి మీరు అడగలేదు, కానీ ఇంట్లోవాళ్ల మనసులో ఉండేది అదే. అమెరికాలో 4,776 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సర్జరీ అయిన 30 రోజుల్లోపు మరణాలు 0.3 శాతం. ఇప్పుడు చాలావరకు కీహోల్‌లోనే, అంటే చిన్న రంధ్రాల ద్వారానే చేస్తారు. కుట్టు లీకవడం, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం అరుదుగా జరుగుతాయి, అందుకే సర్జరీ రోజునే లేపి నడిపిస్తారు. ఇంటికొచ్చాక నాడి వేగంగా కొట్టుకోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఆయాసం ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఇప్పుడు రెండో ఏడాది విషయానికి వస్తాను. తింటూ నీళ్లు తాగను, తిన్నాక ఓ అరగంట ఆగుతాను. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి, కాబట్టి ముందు ప్రొటీన్ తిని తర్వాతే మిగతావి. నెమ్మదిగా నమలకపోతే గుండె దగ్గర ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, కాబట్టి వేళలు కూడా చూసుకోవాలి. బాగానే ఉన్నాం కదా అని ఇవన్నీ మానేసేవాళ్లు చాలామంది. బి12 లోటు వెంటనే తెలియదు, కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు వచ్చేసరికి నరాలకు దెబ్బ తగిలి ఉంటుంది. ఇంకొకటి తప్పకుండా గుర్తుంచుకోండి: సర్జరీ తర్వాత రోజుల తరబడి వాంతులైతే థయామిన్ (విటమిన్ బి1) పడిపోయి మెదడు దెబ్బతినొచ్చు. నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలైతే అది ఎమర్జెన్సీ.

జుట్టు మూడో నెల నుంచి బాగా ఊడింది. తిరిగొస్తుందని చెప్పారు, వచ్చింది కూడా, అయినా దువ్వెన చూసినప్పుడల్లా టెన్షన్ తప్పలేదు. త్వరగా బరువు తగ్గడంతో పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, దానికి మొదటి ఆరు నెలలు మాత్ర ఇస్తారు. మద్యం త్వరగా, గట్టిగా ఎక్కుతుంది. బైపాస్ తర్వాత రెండో ఏడాదిలో మద్యం సమస్యలు పెరిగినట్టు అధ్యయనాల్లో తేలింది, కాబట్టి అలవాటున్నవాళ్లు ముందే నిజం చెప్పడం మంచిది. గర్భం గురించి ఆలోచన ఉంటే సర్జరీ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బరువు తగ్గగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలను పూర్తిగా నమ్మలేం, వేరే పద్ధతి అడగాలి.

సర్జరీకి ముందు సైకాలజిస్టును కలవమంటే నాకు చిరాకేసింది, ఏదో తతంగం అనుకున్నాను. "ఆకలి లేనప్పుడు ఎప్పుడు తింటారు?" అని అడిగారు. జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. కోపం వచ్చినా, ఒంటరిగా అనిపించినా తిండి వెతుక్కునే అలవాటుకు సర్జరీ మందు కాదు. మెత్తగా జారిపోయే తీపి, చిరుతిళ్లు చిన్న పొట్టలోకి కూడా రోజంతా కొంచెం కొంచెంగా వెళ్లిపోతాయి. బరువు తిరిగి పెరగడానికి ఇదొక పెద్ద దారి. మీకు ఆ ఇబ్బంది ఉంటే ముందు దానికి సాయం తీసుకోండి, సర్జరీ ఎక్కడికీ పోదు.

ఇంజెక్షన్ల సంగతి మా అక్కను చూసి చెబుతున్నాను. సెమాగ్లుటైడ్ ట్రయల్‌లో 68 వారాలకు సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాలకు దాదాపు 21 శాతం బరువు తగ్గింది. కొన్నేళ్ల క్రితం మందులతో ఇంత తగ్గుతుందంటే ఎవరూ నమ్మేవారు కాదు. అక్కకు షుగర్ లేదు, గురక లేదు, మత్తుమందు అంటేనే వణుకు. ఆమెకు ఇదే సరైన దారి, వికారాన్ని తట్టుకుంటూ వాడుతోంది. కానీ సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అంటే అదీ ఏళ్ల తరబడి కొనసాగించాల్సిన మందే. మీరు ఇంకా వాడి చూడకపోతే, మీ డాక్టరు సరేనంటే ముందు అది ప్రయత్నించడంలో తప్పులేదు. సర్జరీ ముందు బరువు తగ్గించడానికో, తర్వాత తిరిగి పెరిగితే ఆపడానికో కూడా ఈ మందులు వాడుతున్నారు.

మీ స్థానంలో నేనుంటే ఈ నెలలో ఎండోస్కోపీ, స్లీప్ స్టడీ చేయించుకుని, సర్జన్‌ని మూడు విషయాలు అడిగేదాన్ని: నాకు ఈ ఆపరేషనే ఎందుకు, మీరు చేసినవాళ్లలో ఐదేళ్ల తర్వాత కూడా చూపించుకోవడానికి వస్తున్నవాళ్లు ఎంతమంది, రాత్రిపూట కడుపునొప్పి వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు? మొదటిదానికి జవాబు మీ రిపోర్టులు చూపించి చెప్పాలి. మిగతా రెంటికీ నీళ్లు నమిలితే ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లండి.