విశాఖ నుంచి గన్నవరం: 290 కిలోమీటర్లకు గంట ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి విజయవాడలో కౌన్సెలింగ్ ఉంది. విశాఖ నుంచి గన్నవరానికి గాలిలో దూరం 290 కిలోమీటర్లని చూశాను. విమానం గంటకు 800 కిలోమీటర్లు వెళ్తుందంటారు కదా, ఆ లెక్కన పాతిక నిమిషాలు కూడా పట్టకూడదు. టికెట్ మీద మాత్రం గంట పైన చూపిస్తోంది. ఏది నమ్మాలి? విమానమా, రైలా తేలక ఇంట్లో ఒకటే చర్చ.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: టికెట్‌నే నమ్మండి. 290 అన్నది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం, రైలు పట్టాల మీద అదే 350. విమానం ఆ గీత మీదే పోదు. గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి కాబట్టి ఇక్కడ సముద్రం వైపు లేచిందంటే మళ్లీ పడమరకి తిరగడానికే కొన్ని నిమిషాలు పోతాయి, గన్నవరంలో రన్‌వేకి సూటిగా రావడానికి ఇంకో చుట్టు పడొచ్చు. ఇక 800 అనేది జెట్ విమానం బాగా పైకి వెళ్లాక అందుకునే వేగం, ఇంత దగ్గరి ఊరికి అయితే అంత ఎత్తుకి చేరిన కాసేపటికే దిగడం మొదలుపెట్టాలి. పంకాలుండే ఏటీఆర్ అయితే వేగం 500 దగ్గరే. పైగా టికెట్ మీది టైము గాల్లో ఉండేది మాత్రమే కాదు, ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా. మన ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది, వాళ్ల విమానాలూ అక్కడి నుంచే ఎగురుతాయి, కాబట్టి ఒక్కోసారి రన్‌వే కోసం ఆగాల్సి రావచ్చు, ఆ టైమూ ఇందులోకే వస్తుంది.

అసలు మీరు చూడాల్సింది ఇంటి నుంచి ఇంటికి పట్టే టైము. మధురవాడ నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాటి ఎయిర్‌పోర్టుకి వెళ్లడానికి ట్రాఫిక్‌లో గంట అనుకోండి, చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకాస్త ముందే చేరాలి, ప్రయాణం ఓ గంట, అక్కడ దిగి సామాను తీసుకుని గన్నవరం నుంచి ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లు. నాలుగు గంటలు దాటిపోయింది! వందే భారత్ నాలుగు గంటల్లో విజయవాడ స్టేషన్‌లో దింపేస్తుంది, అది ఊరి మధ్యలోనే. స్టేషన్‌కి వెళ్లే టైము కలుపుకున్నా నా ఓటు రైలుకే. ఏ రోజు నడవదో మాత్రం ముందే చూసుకోండి. గాజువాక వాళ్లు అడిగితే ఇంత గట్టిగా చెప్పను, ఎయిర్‌పోర్టు వాళ్లకి పక్కనే.

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కాల్సి వస్తే గాలిలో దూరం ఓ 40 కిలోమీటర్లు పెరుగుతుంది, విమానానికి అది అయిదు నిమిషాల పని. మీకు ఊరంతా దాటే బాధ తప్పుతుంది. తిరుపతికైతే మాత్రం విమానమే మేలు, గాలిలో 600 కిలోమీటర్లు, రైల్లో రాత్రంతా కూర్చోవాలి.

కౌన్సెలింగ్ పొద్దున్నే ఉంటే దేన్నీ నమ్ముకోకుండా ముందురోజే వెళ్లి అక్కడ పడుకోండి. విమానమే ఖాయమైతే సర్టిఫికెట్లు చేతిసంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ బ్యాగులో వేయొద్దు.