కొత్త ట్రావెల్ ట్రైలర్ కొన్నాం, మొదటి ప్రయాణానికి ఏయే యాక్సెసరీలు కొనాలి?

డల్లాస్ దగ్గర ఉంటున్నామని, కొత్త ట్రావెల్ ట్రైలర్ కొన్నామని, వచ్చే నెల పిల్లలతో నేరుగా ఎల్లోస్టోన్ వెళ్తున్నామని రాశారు. ఏయే యాక్సెసరీలు కొనాలని అడిగారు. ముందు ఆ ప్రయాణం వాయిదా వేసుకోండి. యాక్సెసరీల సంగతి ఆ తర్వాత.

కోపం తెచ్చుకోకండి. అక్కడికి ఒకవైపే 1,300 మైళ్లకు పైమాట. ఒక్క రాత్రి కూడా పడుకుని చూడని బండిని అంత దూరం లాక్కెళితే, వ్యోమింగ్‌లో ఏదో చిన్న ఊళ్లో విడిభాగం కోసం ఎదురుచూస్తూ సెలవులు గడిచిపోతాయి. మనవాళ్లకు కారు అలవాటు. షోరూములో తాళాలు తీసుకుని, గుడిలో పూజ చేయించి, మర్నాడే ఎంత దూరమైనా వెళ్లిపోతాం, ఏమీ కాదు. ట్రైలర్ అలా కాదు. కుళాయిలు, గ్యాసు, కరెంటు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న ఇంటిని చక్రాల మీద పెట్టి హైవే మీద గంటకు 65 మైళ్ల వేగంతో కుదుపుతున్నారు. ఏదో ఒకటి ఊడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో (ఇలాంటి చక్రాల ఇళ్లన్నిటికీ అదే పేరు) ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఊళ్ల నుంచే వస్తాయి. అక్కడ చాలా ఫ్యాక్టరీల్లో పనివాళ్లకు పూర్తయిన బండ్ల లెక్కన కూలి. చేతులు ఎంత వేగంగా కదిలితే అంత డబ్బు. అక్కడి నుంచి టెక్సాస్ దాకా ఇంకో వెయ్యి మైళ్లు ఎవరో డ్రైవరు ట్రక్కు వెనక కట్టుకుని లాక్కొస్తాడు. అంటే మీ కొత్త బండి మీ చేతికి వచ్చేసరికే వెయ్యి మైళ్లు ఊగి ఉంటుంది, సరిగా బిగించనిదల్లా వదులై ఉంటుంది. డీలరు అప్పగించే ముందు అన్నీ తనిఖీ చేస్తాడు కదా అంటారా? మా బండికి చేసిన తనిఖీ చెబుతాను. ఒక కుర్రాడు లైట్లు వేసి ఆర్పాడు, ఏసీ ఆన్ చేశాడు, పక్కన ఎండకు వేసే పందిరి తెరిచి మూశాడు, సంతకం పెట్టమన్నాడు. ఆ తర్వాత ఫైనాన్సు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి పొడిగించిన వారంటీ, టైర్ల బీమా, సోఫా గుడ్డకు మరకలంటని పూత అమ్మడానికి మాత్రం పిల్లలకు ఆకలయ్యేదాకా ఓపిక చూపించారు. ఆ ఓపికలో పావు వంతు నీళ్ల గొట్టాల మీద చూపించి ఉంటే నేను ఈ జవాబు రాసేవాణ్ని కాదు.

మా మొదటి ప్రయాణం రే రాబర్ట్స్ చెరువు పక్కనున్న స్టేట్ పార్కుకు. ఇంటికి దగ్గర, ఏమైనా అయితే గంటలో వెనక్కి రావచ్చు. అప్పుడు మా అమ్మానాన్నలు మా దగ్గరే ఉన్నారు. నాన్న ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇది చెప్పడానికి కారణం ఉంది. (గుడిలో వాహన పూజ రోజున పూజారిగారు, ఇంజిన్ లేని దానికి కూడా నిమ్మకాయలు పెట్టాలా అని కాసేపు ఆలోచించారు. తొక్కేది చక్రమే కదా పంతులుగారూ అని నాన్న తేల్చేశారు.)

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగితే నేను కాఫీ కోసం లోపలికి నడిచాను. తిరిగి వచ్చేసరికి నాన్న ట్రైలర్ చుట్టూ తిరుగుతూ ఒక్కో చక్రం మధ్యలో చెయ్యి పెట్టి వేడి చూస్తున్నారు. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే, ఒకటి మాత్రం చెయ్యి కాలేలా ఉంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేసిందని అర్థం. తర్వాత నట్లు చూడమన్నారు. కొత్త చక్రాల నట్లను మొదటి 50 మైళ్లలోపే మళ్లీ బిగించి చూసుకోవాలని పుస్తకంలో కూడా ఉంటుంది, కానీ పుస్తకం చదివేదెవరు? టార్క్ రెంచ్ (నట్టు తగినంత బిగియగానే టిక్కుమనే స్పానరు) పెడితే రెండు నట్లు టిక్కుమనే లోపు పావు చుట్టు తిరిగాయి. నాన్న ఏమీ అనలేదు. డీలరు ఇచ్చిన తనిఖీ కాగితం తీసుకుని, వీల్ నట్స్ అని ఉన్నచోట పెట్టిన టిక్కును చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

అసలు కథ రాత్రి జరిగింది. ఆ సైట్‌లో నీళ్ల కనెక్షన్ ఉన్నా, పంపు ఎలా పనిచేస్తుందో చూద్దామని కావాలనే ట్యాంకులో నీళ్లు నింపి పంపు స్విచ్ వేసి ఉంచాం. అందరూ పడుకున్నాక నాన్న నన్ను తట్టి లేపారు.

"ఎవరైనా కుళాయి తిప్పారా?"

"లేదు నాన్నా, అందరూ నిద్రపోతున్నారు."

"మరి మోటారు ఎందుకు తిరుగుతోంది?"

నాకేమీ వినబడలేదు. పడుకోండి అన్నాను. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు. కాసేపటికి మంచం కింద నుంచి గుర్రుమని ఒక్క క్షణం మోగి ఆగిపోయింది. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ గుర్రు.

ఆ పంపు గొట్టాల్లో ఒత్తిడి తగ్గినప్పుడే తిరుగుతుంది. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా తిరుగుతోందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయన్నమాట. టార్చిలైట్ తీసుకుని వంటగట్టు కింద, టాయిలెట్ వెనక, మంచం కింద వెతికాం. కంటికి తడి కనబడలేదు. అప్పుడు నాన్న టాయిలెట్ పేపరు తీసుకుని ముక్కలుగా చింపి, కనబడిన ప్రతి జాయింటుకూ ఒక్కో ముక్క చుట్టడం మొదలుపెట్టారు. పొడి కాగితం మీద ఒక్క చుక్క పడినా నల్లగా కనిపిస్తుంది. ఈలోగా అమ్మ లేచింది. "అర్ధరాత్రి ఈ మరమ్మతులేమిటి? రేపు తెల్లారదా?" అంది. మా ఆవిడ ఒక కన్ను తెరిచి, ఉన్నది ఆ ఒక్క పేపరు రోలేనని గుర్తుచేసి మళ్లీ మూసుకుంది.

చివరికి స్నానాల గది వెనక నాలుగు స్క్రూలతో బిగించిన చిన్న చెక్క మూత దగ్గర ఆగాం. విప్పితే లోపల షవర్ కుళాయికి వెళ్లే వేడినీళ్ల గొట్టం, దాని చివర తెల్లటి ప్లాస్టిక్ నట్టు. చుట్టిన కాగితం క్షణంలో తడిసిపోయింది. నట్టు పట్టుకుని వేళ్లతోనే తిప్పితే ముప్పావు చుట్టు తిరిగింది. కింద ఫ్యాక్టరీలో ఊడ్వకుండా వదిలేసిన రంపపు పొట్టు తడిసి ముద్దయి ఉంది. ఆ నట్టుకు స్పానరు కూడా అక్కర్లేదు, చేత్తో గట్టిగా బిగిస్తే చాలు. స్పానరుతో బిగిస్తే ప్లాస్టిక్ పగిలి ఇంకో తలనొప్పి. పంపు ఆగింది. ఎంతసేపు కూర్చున్నా మళ్లీ మోగలేదు. "మా డిపోలో అయితే ఈ బండిని బయటికి వదిలినవాడికి మెమో చేతిలో పెట్టేవాళ్లు" అని మాత్రం అని నాన్న వెళ్లి పడుకున్నారు.

మర్నాడు ఉదయం పంపు ముందుండే చిన్న జల్లెడ విప్పితే, ట్యాంకుకు రంధ్రాలు చేసినప్పుడు రాలిన తెల్లటి ప్లాస్టిక్ తురుము గుప్పెడు వచ్చింది. కుళాయి చివర ఉండే జాలీలోనూ అదే. మీ సింకులో నీళ్లు సన్నగా వస్తున్నాయంటే పంపును తిట్టకముందు ఈ రెండూ విప్పి కడగండి.

ట్రైలర్‌ను చంపేది నీళ్లే, ఇంకేదీ కాదు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరు వాదించినా మారను. టైరు పోతే మార్చుకుంటారు, ఏసీ పోతే ఇంకొకటి పెట్టించుకుంటారు. పైన వినైల్ పరిచిన చెక్క నేల కింద నుంచి తడిస్తే బయటికి ఏమీ కనబడదు. నడుస్తుంటే కాలి కింద మెత్తగా దిగబడేసరికి వారంటీ దాటిపోయి ఉంటుంది. అందుకే పంపు వేసి, కుళాయిలన్నీ కట్టేసి, టీవీ ఆపి, పిల్లల నోళ్లు మూయించి అరగంట కూర్చుని వినండి. తర్వాత నిచ్చెన వేసుకుని పైకప్పు అంచులు, గాలి గొట్టాల చుట్టూ పూసిన సీలెంట్ చూడండి. సన్నటి పగులు కనబడినా, అదే రకం సీలెంట్ తెచ్చి ఆ రోజే పూయండి. మొదటి వాన పడేదాకా ఆగొద్దు.

నీళ్ల గురించి ఇంకో రెండు మాటలు. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్ల ఒత్తిడి భయంకరంగా ఉంటుంది, ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించవద్దు. 40, 50 పీఎస్‌ఐ చాలు. వాటర్ హీటర్ నిండిందని నిర్ధారించుకోకుండా కరెంటు స్విచ్ వేయవద్దు. వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి పోయి నీళ్లు ధారగా వచ్చాకే వేయాలి, లేకపోతే లోపలి ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది. హీటర్ వెనక, నీళ్లు దానిలోకి వెళ్లకుండా పక్కకు మళ్లించే బైపాస్ వాల్వు ఉంటుంది, చలికాలం సర్వీసు చేసినవాళ్లు దాన్ని అలాగే వదిలేస్తారు, అదీ చూసుకోండి. కొత్త ట్యాంకులో 15 గ్యాలన్లకు పావు కప్పు చొప్పున మామూలు బ్లీచ్ కలిపి, అన్ని కుళాయిల్లో వాసన వచ్చేదాకా వదిలి, ఒక రాత్రి ఉంచి కడిగేయండి. ఆ తర్వాతే ఆ నీళ్లతో పప్పు వండండి.

పప్పు అంటే గుర్తొచ్చింది. 30 ఆంపుల కనెక్షన్ మీద ఏసీ తిరుగుతుండగా 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెట్టి, పైగా హీటర్ కరెంటు మీద వేస్తే బ్రేకరు పడిపోతుంది. బండిలో లోపమేమీ లేదు, మొత్తం ఉన్నదే 3,600 వాట్లు. గ్యాసు పొయ్యి మీద వండుకోండి, కిటికీ తెరిచి పోపు వేయండి, లేకపోతే పొగ అలారం పక్క సైటువాళ్లను కూడా లేపుతుంది. ఆ గ్యాసు వాడే ముందు సబ్బు నురగ పూసి సిలిండరు జాయింట్ల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడండి. అది కూడా మీరే చూడాలి, ఎవరూ చూసి ఉండరు.

మీ ట్రక్కు ఏదో రాయలేదు. "హాయిగా లాగేస్తుంది" అని సేల్స్‌మన్ చెప్పే ఉంటాడు. లాగడం వేరు, మోయడం వేరు. డ్రైవరు తలుపు తీస్తే అక్కడ ట్రక్కు ఎంత బరువు మోయగలదో రాసిన పేలోడ్ స్టిక్కరు ఉంటుంది, అది చదవండి. నిండిన ట్రైలర్ బరువు 7,000 పౌండ్లయితే అందులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే కొక్కెం) మీద పడాలి, అంటే సుమారు 900 పౌండ్లు. దానికి మీ కుటుంబం, హిచ్ సామాను, వెనక వేసిన బియ్యం బస్తా, వెట్ గ్రైండరు కలపండి. చాలా ట్రక్కుల స్టిక్కరు అక్కడే చేతులెత్తేస్తుంది. 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్లు దాటుతాయి. ఐ-35 హైవే మీద పక్కగాలి వీచినప్పుడు ఈ లెక్క మీకు బాగా అర్థమవుతుంది.

ఇంటి ముందే ఒక వారం పెట్టుకుని ఇవన్నీ చూసుకోండి అని చెప్పాలని ఉంది, కానీ మీ కాలనీ సంఘం ఊరుకోదు. మా సంఘంవాళ్లు సామాను ఎక్కించుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తారు, అది దాటితే ఉత్తరం వస్తుంది. ఎదురింటాయన పడవ మాత్రం నెలల తరబడి డ్రైవ్‌వేలోనే ఉంటుంది, ఎందుకో ఎవరూ చెప్పరు. అందుకే దగ్గరలోని స్టేట్ పార్కులో రెండు రాత్రులు బుక్ చేసుకోండి. ఒక రాత్రి పంపు మీద, ఒక రాత్రి క్యాంప్‌గ్రౌండ్ నీళ్ల మీద ఉండండి.

కొనాల్సినవి అడిగారు కాబట్టి: టార్క్ రెంచ్, మంచి టైర్ గేజ్, ప్రెషర్ రెగ్యులేటర్, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎక్కువైతే బండిని కాపాడేది), చక్రాలకు అడ్డుకట్టలు, ఒక సీలెంట్ ట్యూబు, టాయిలెట్ పేపరు రెండు రోల్స్. రంగు లైట్లు, తివాచీలు, మడత కుర్చీల సెట్లు మీ వాట్సాప్ గ్రూపువాళ్లు ఎలాగూ కొనిపిస్తారు.

చిన్న లోపాల కోసం బండిని డీలరుకు అప్పగించవద్దు. నట్టు బిగించడానికి వారాలు పెట్టుకుంటారు, సాధారణంగా ఏడాదే ఉండే వారంటీ అక్కడే కరిగిపోతుంది. అవి మీరే చేసుకోండి. పైకప్పు, స్లయిడ్ (బయటికి జరిగి గదిని పెద్దది చేసే భాగం), ఇరుసులు, ఫ్రేమ్ లాంటివి మాత్రం ముట్టుకోకుండా ఫోటోలు తీసి, ఫోనులో కాకుండా ఈమెయిల్‌లో చెప్పండి. బండి లోపలికి వెళ్లిన ప్రతిసారీ తేదీ వేసిన రిపేరు ఆర్డరు అడిగి తీసుకోండి. పదేపదే మరమ్మతు చేసినా బాగుకాని కొత్త బండ్లు కొన్నవాళ్లను కాపాడే టెక్సాస్ లెమన్ చట్టం ట్రావెల్ ట్రైలర్లకు కూడా వర్తిస్తుంది, కానీ అక్కడ మీ మాట కన్నా ఆ కాగితాలకే విలువ. మా నాన్న జేబులో పెట్టుకున్న తనిఖీ కాగితం మాకు అలాగే పనికొచ్చింది. దాన్ని చూపించాక డీలరు స్లయిడ్ రబ్బరు మార్చడానికి మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు.